ఈత చెడ్డీ దగ్గర తెగిన మాటలు

ప్రశ్న: మాది కర్నూలు. మావారు రిటైర్డ్ హెడ్మాస్టరు, వయసు 64. మా అబ్బాయి ఫ్రాన్స్‌లో లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో మేమిద్దరం వెళ్లాం. ఒకరోజు మనవడిని ఈతకొలనుకు తీసుకుపోతుంటే ఈయన కూడా హుషారుగా బయలుదేరారు. చిన్నప్పుడు తుంగభద్రలో, కె.సి. కాలువలో ఈదిన మనిషి. మోకాళ్ల దాకా వదులు నిక్కరు, పైన బనియను వేసుకున్నారు. అక్కడివాళ్లు ఆపేసి, ఒంటికి బిగుతుగా ఉండే చెడ్డీ, తలకు టోపీ ఉంటేనే దిగాలన్నారు. అబ్బాయి అక్కడే మెషిన్‌లో ఒక చిన్న చెడ్డీ కొని, "వేసుకో నాన్నా, ఎవరు చూస్తారు" అన్నాడు. పక్కనే కోడలు ఉంది. ఈయన వేసుకోలేదు, బయట హాల్లో కూర్చుండిపోయారు. ఇంటికొచ్చాక "ఇంత చాదస్తమా" అని వాడు, "నన్ను బట్టలిప్పి నిలబెట్టాలని చూశావు" అని ఈయన. తిరిగొచ్చినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మనవడేమో "జేజినాయనకు ఈత రాదా?" అని నన్ను అడుగుతున్నాడు. జూలైలో వాళ్లు వస్తున్నారు. ఈయన ఆ రోజుల్లో ఎటన్నా వెళ్లిపోతానంటున్నారు. నేనేం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపింది మీ మనవడి మాట. తుంగభద్రలో ఈదిన మనిషిని గురించి సొంత మనవడే ఈత రాదా అని అడుగుతున్నాడు. చెడ్డీ కన్నా ఆయనకు గుచ్చుకున్నది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ రోజు పిల్లాడి ముందు ఒక్కసారి ఈది చూపించాలని ఎంత ఆశపడి బయలుదేరారో! అది జరగలేదు సరికదా, చాదస్తం అనే మాట మిగిలింది.

ముందు ఆ నియమం సంగతి చెప్తాను. ఆయన దాన్ని తనకు జరిగిన అవమానంగా తీసుకున్నారు కాబట్టి ఇది తెలియాలి. ఫ్రాన్స్‌లో మునిసిపాలిటీలు నడిపే ఈతకొలనుల్లో దాదాపు ఎక్కడా మగవాళ్లను వదులు నిక్కర్లతో దిగనివ్వరు. చాలాచోట్ల టోపీ కూడా తప్పనిసరి. శుభ్రత కోసమని చెప్తారు. వదులు నిక్కరు వేసుకుని వీధంతా తిరిగి, పార్కులో కూర్చుని, అదే గుడ్డతో నీళ్లలో దిగేవాళ్లు ఉంటారు. బిగుతు చెడ్డీతో ఎవరూ రోడ్డు మీద తిరగరు. నీళ్లలో కలిపే క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిస్తే క్లోరమిన్లు తయారవుతాయి. కొలను దగ్గర ముక్కుకు తగిలే ఘాటు వాసన, కళ్ల మంట చాలావరకు వాటివల్లే. అందుకే దిగే ముందు సబ్బుతో స్నానం కూడా చేయమంటారు. ఆ ఊరి కుర్రాడు బెర్ముడా వేసుకొచ్చినా మీవారిని ఆపినట్టే ఆపుతారు. కొలనులో ఏం వేసుకోవాలన్నది వాళ్లలో వాళ్లకీ తేలని విషయమే. 2022లో గ్రెనోబుల్ నగరం ఒళ్లంతా కప్పే ఈత దుస్తులకు వీలిస్తే, గొడవ అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం దాకా పోయింది. కింది కోర్టు నిలిపేసిన ఆ వెసులుబాటును అదే ఏడాది జూన్‌లో ఈ కోర్టూ ఒప్పుకోలేదు.

కారణం తెలిసినంత మాత్రాన సిగ్గు పోదు. మన ఇళ్లలో కోడలు ఎదురుపడితే బనియను మీద తువ్వాలు కప్పుకునే మామగార్లు ఎందరో. అటువంటి మనిషిని చిన్న చెడ్డీతో కోడలి ముందు నడవమంటే కాళ్లు ఎట్లా కదులుతాయి? ఇందులో చాదస్తం ఏమీ లేదు. మంత్రాలయంలో స్వామి దర్శనానికి పోయేటప్పుడు మగవాళ్లు చొక్కా, బనియను తీసేస్తారు. మీవారూ తీసే ఉంటారు, కోడలు వెంట ఉన్నా ఏమీ అనిపించి ఉండదు. అక్కడ అందరూ అట్లాగే ఉంటారు, మనం చిన్నప్పటి నుంచి చూసిందే. అమెరికాలో 1930ల దాకా చాలా బీచ్‌లలో మగవాళ్లు ఛాతీ కప్పుకునే ఈదాల్సి వచ్చేది. ఐస్‌లాండ్‌లో ఈరోజుకీ కొలనులో దిగే ముందు, మిగతా మగవాళ్ల మధ్యే నూలుపోగు లేకుండా నిలబడి ఒళ్లు కడుక్కోవాలి. మీ అబ్బాయి అక్కడికి పోతే, మొదటిరోజు తలుపు దగ్గర తనకూ కాళ్లు ఆగుతాయి. ఈ ఒక్క సంగతి వాడికి చెప్పండి.

నా దృష్టిలో తప్పు ఎక్కువ అబ్బాయిదే. అక్కడ ఉంటున్నవాడు, నియమం తెలిసినవాడు, ఇంట్లోనే "నాన్నా, ఇట్లా ఉంటుంది" అని చెప్పి ఉండాల్సింది. సగం తొడ దాకా వచ్చే బిగుతు బాక్సర్‌ను కూడా అక్కడ మామూలుగా ఒప్పుకుంటారు. ముందురోజే అది కొనిచ్చి, కోడలు రాని రోజు తండ్రిని తీసుకెళ్లి ఉంటే ఈ గొడవే లేదు. "ఎవరు చూస్తారు" అన్నాడు. ఆయన ఎవరు చూస్తారని ఇబ్బంది పడ్డారో ఆ మనిషి పక్కనే ఉంది. వెనక క్యూ, ముందు స్టాఫ్, అర్థం కాక చూస్తున్న పిల్లాడు, ఆ టెన్షన్‌లో వాడికి తోచి ఉండదు. అది నాకు అర్థమవుతుంది. కానీ ఇంటికి వచ్చాక అన్న మాటకు ఆ సాకు చెల్లదు.

ఆయన మాటా తప్పే. కొడుకు తనను బట్టలిప్పి నిలబెట్టాలనుకోలేదని ఆయనకూ తెలుసు. ఇన్నాళ్లు ఫోన్‌కు రాకపోతే ఆ శిక్ష పడుతున్నది పిల్లాడికి. ఇది మీరే చెప్పాలి, ఇద్దరే ఉన్నప్పుడు, మెల్లగా.

అయితే మొదట అబ్బాయితో మాట్లాడండి. నియమం ఎందుకుందో తండ్రికి వివరించే పని పెట్టుకోవద్దనండి. ముందుగా చెప్పకపోవడం తన పొరపాటని ఒక్క మాట అని, వెంటనే "జూలైలో వస్తున్నాం, వీడికి ఈత నువ్వే నేర్పాలి" అని అడగమనండి. ఆ అడగడంలోనే ఆయనకు పోయిందనుకున్నది తిరిగొస్తుంది.

నేర్పడం మాత్రం కాలువలో వద్దు. ప్రవాహం ఉన్న నీళ్లు చిన్న పిల్లలకు మంచివి కావు. ఊళ్లో ఈతకొలనుకు పొండి. మన దగ్గర చాలా కొలనుల్లో ఆడవాళ్లకు వేరే బ్యాచ్ పెడతారు, కాబట్టి తాత, కొడుకు, మనవడు ముగ్గురే మగవాళ్ల టైములో వెళ్లొచ్చు, కోడలి సంకోచం ఉండదు. ఇక్కడ కూడా చాలాచోట్ల నైలాన్ కాస్ట్యూమ్ ఉంటేనే దిగనిస్తారు, నూలు గుడ్డ పోగులు ఫిల్టర్‌లో చిక్కుకుంటాయని. ముందే కనుక్కుని ఆయనకు తొడ దాకా ఉండేది ఒకటి మీరే కొనిపెట్టండి. "చూశారా, ఇక్కడా అదే రూలు" అని మాత్రం ఎవరూ అనకూడదు, అబ్బాయికి కూడా ముందే చెప్పి పెట్టండి.

ఫోన్ ఆయన తీయకపోతే మీ ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇరికించకండి. మనవడి చేత వాయిస్ మెసేజ్ పెట్టించండి. రెండు మూడు రోజులు జవాబు రాకపోయినా మీరు గుర్తు చేయకండి, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వింటారు.