వరద వచ్చే చోట ఇల్లు: డబ్బు ఎత్తుకు పెట్టాలా, ఇంటీరియర్‌కు పెట్టాలా?

ప్రశ్న: వాగుకు దగ్గర్లో, కాస్త పల్లంలో మాకు సొంత స్థలం ఉంది. 20 ఏళ్ల లోన్‌తో ఇల్లు కట్టాలనుకుంటున్నాం. బేస్‌మెంట్ మామూలు కన్నా ఇంకో మీటరు లేపమని, అలా చేస్తే మొత్తం ఖర్చు 8 శాతం పెరుగుతుందని ఇంజినీరు గారు చెప్పారు. అదే జరిగితే వార్డ్‌రోబ్‌లు, మాడ్యులర్ కిచెన్ మానుకోవాలి. నాన్నగారేమో ‘30 ఏళ్లలో ఒక్కసారే నీళ్లొచ్చాయి, అదీ మోకాళ్ల దాకానే’ అంటున్నారు. ఇన్సూరెన్స్ తీసుకుంటే చాలదా అని మా ఆవిడ అడుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఎత్తు లేపండి. వార్డ్‌రోబ్‌లు రెండేళ్ల తర్వాతైనా చేయించుకోవచ్చు. బేస్‌మెంట్ అలా కాదు. ఇల్లు పూర్తయ్యాక లేపాలంటే జాకీలు పెట్టి ఇంటినే ఎత్తాలి. ఆ ఖర్చు, ఆ రిస్కు ఇప్పటి 8 శాతంతో పోయేవి కావు.

అయితే దానికన్నా ముందు ఒక విషయం తేల్చుకోండి. మీ స్థలంలోకి వచ్చే నీళ్లు నిలిచే నీళ్లా, పారే నీళ్లా? నిదానంగా ఎక్కి, నిలిచి, తగ్గిపోయే నీళ్లయితే ఎత్తుతో తట్టుకోవచ్చు. వాగు గట్టు దాటి మీ స్థలం మీదుగానే వేగంగా పారుతుంటే మాత్రం పునాది కింద మట్టిని కోసుకుపోతుంది. అలాంటి చోట బేస్‌మెంట్ ఎంత లేపినా నేను లోన్ తీసుకోమని చెప్పను. స్థలం అమ్మి, చిన్నదైనా మెరక మీద కొనుక్కోండి. ఇప్పటికే పెట్టిన డబ్బు మీద మమకారంతో ఇంకో 20 ఏళ్ల సంపాదన అక్కడే పోయడం సరికాదు. వరద మట్టాల రికార్డులు, ముంపు మ్యాపులు ప్రభుత్వ శాఖల దగ్గర ఉంటాయి. చుట్టుపక్కల పాత గోడల మీద నీటి చారలూ చాలా చెబుతాయి. రెండూ ఇంజినీరు గారికి చూపించండి.

మీ నీళ్లు నిలిచే రకమే అనుకుందాం. నాన్నగారు చెప్పింది విలువైన సమాచారం. కాకపోతే ఆయన ధైర్యం చెప్పడానికి వాడిన అంకె నాకు జాగ్రత్త చెబుతోంది. 30 ఏళ్లకు ఒకసారి అంటే ఏ ఏడాదికి ఆ ఏడాది సుమారు 3 శాతం అవకాశం. ఏడాది లెక్కన చిన్నదే. కానీ మీ లోన్ 20 ఏళ్లు. ఆ 20 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా నీళ్లొచ్చే అవకాశం దాదాపు 49 శాతం. అంటే సగానికి సగం. నిపుణులు ‘వందేళ్ల వరద’ అనేది కూడా వందేళ్లకోసారి వచ్చేదని కాదు, ప్రతి ఏడాదీ 1 శాతం అవకాశం ఉన్నదని. దాన్ని 20 ఏళ్లకు లెక్క కట్టినా 18 శాతం తేలుతుంది. పైగా ఒక్క సంఘటన మీద వేసిన లెక్క ఇది. ఎగువన కాంక్రీటు పెరిగి, కాలువలు పూడిపోతే రేపటి నీళ్లు నిన్నటి మోకాళ్ల దగ్గరే ఆగాలని లేదు.

ఇప్పుడు డబ్బు లెక్కకు వద్దాం. ఉదాహరణకు ఇంటి ఖర్చు 100 అనుకోండి. లోపలికి నీళ్లొస్తే తలుపులు, వైరింగ్, ఫర్నిచర్, రంగులు కలిపి 30 పోతుందనుకుందాం. సగం అవకాశం అంటే సగటు నష్టం 15. దాన్ని తప్పించే ఎత్తుకు అయ్యేది 8. మీ సొంత అంకెలు పెట్టి చూసుకోండి. నిజానికి నన్ను భయపెట్టేది ఈ సగటు కాదు. నష్టం వచ్చినప్పుడు మొత్తం 30 ఒక్క వారంలో మీద పడుతుంది. ఇల్లు ఆరి, బాగయ్యేదాకా బయట అద్దె కట్టాలి, ఈఎంఐ మాత్రం ఆగదు. నెలకు రెండు ఇళ్లకు డబ్బు కట్టాల్సిన ఆ నెలల్లోనే చాలా కుటుంబాలు ఎక్కువ వడ్డీకి అప్పు చేస్తాయి. ఆ అప్పు వరద కన్నా ఎక్కువ కాలం పీడిస్తుంది.

ఎలా లేపాలన్నది ఇంజినీరు గారు తేల్చాలి గానీ, ఖర్చును బట్టి నేనూ రెండు మాటలు చెబుతాను. మట్టి పోసి స్థలమంతా లేపితే సరిగ్గా దిమ్మిస చేయని మట్టి కుంగి గచ్చు పగులుతుంది, మీ నీళ్లు పక్కింటికి మళ్లుతాయి కూడా. పిల్లర్ల మీద లేపితే నీళ్లకు దారి ఉంటుంది. అయితే భూకంపాలొచ్చే ప్రాంతాల్లో గోడల్లేని కింది అంతస్తు బలహీనం, దాన్ని డిజైన్‌లోనే చూసుకోవాలి. కింద గోడలు కట్టి పార్కింగ్ పెడితే, కనీసం రెండు గోడలకు నేలకు దగ్గరగా నీళ్లు వచ్చిపోయే కంతలు వదలండి. ఒక మీటరు నీళ్లు నిలిస్తే ప్రతి మీటరు పొడవు గోడ మీద సుమారు 500 కిలోల తోపుడు పడుతుంది. లోపలా బయటా నీళ్లు సమంగా ఉంటే గోడ నిలుస్తుంది. అన్నీ మూసి నీళ్లను ఆపబోతే గోడే పడిపోవచ్చు.

కొన్ని పనులకు ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. మీటరు, స్విచ్ బోర్డులు, ఇన్వర్టర్ వరద మట్టానికి పైన పెట్టించండి. డ్రైనేజీ పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను బయటికే పోనిచ్చి, వెనక్కి రానివ్వనిది) వేయించండి. లేకపోతే గడప దాటని నీళ్లు బాత్‌రూమ్‌లోంచి పైకి తంతాయి. భూమిలో సంప్ ఉంటే వరద హెచ్చరిక రాగానే దాన్ని మంచి నీళ్లతో నింపి మూత బిగించండి. చుట్టూ నేల నానినప్పుడు ఖాళీ సంప్ తేలి, పగులు ఇచ్చి పైకి లేవవచ్చు. నెదర్లాండ్స్‌లోని మాస్‌బొమ్మెల్‌లో నీటితో పాటు తేలే ఇళ్లు కట్టారు, 2011లో నది పొంగినప్పుడు అవి నిజంగానే లేచాయి. వాటి అడుగున ఉన్నవీ బోలు కాంక్రీటు పెట్టెలే. అక్కడ కావాలని చేసింది మీ సంప్‌కు అనుకోకుండా జరగవచ్చు.

ఇక మీ ఆవిడ అడిగిన ఇన్సూరెన్స్. తప్పకుండా తీసుకోండి, కానీ ఎత్తుకు బదులుగా కాదు. ఇన్సూరెన్స్ డబ్బిస్తుంది, నీళ్లను ఆపదు. పాలసీలో ‘వరద’ అనే మాట స్పష్టంగా ఉందో లేదో చదవండి. డ్రైనేజీ ఎదురు తన్నిన నష్టాన్ని మినహాయించే పాలసీలున్నాయి. ఇంటి విలువ అంటే తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు, స్థలం ధర అందులో కలపకూడదు. ప్రీమియం తగ్గుతుందని సగం విలువకే తీసుకుంటే చిన్న నష్టానికి కూడా సగమే చెల్లించే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది, మీ దాంట్లో ఉందేమో చూసుకోండి. లోపలి సామాన్లకు కవర్ ఉందో లేదో, ఉంటే ఎంతకో చూసుకోండి. కట్టుబడి జరుగుతున్న నెలలకూ కవర్ అడగండి, సగం లేచిన గోడకు వరద ఇంకా ప్రమాదం.

మీ ఆవిడ కోరిక కూడా న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. మొదటి ఏడాది కిచెన్‌కు గట్టు, గూళ్లు చాలు. ఆరు నెలల ఈఎంఐ, అద్దెకు సరిపడా డబ్బు పక్కన పడ్డాక మాడ్యులర్ కిచెన్ చేయించండి. అప్పుడు కూడా కింది అరలకు పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ లాంటి చెక్కపొట్టు, పీచు అతికించి చేసే బోర్డులు వద్దు. తడిస్తే ఉబ్బి, మళ్లీ పనికిరావు.

కాంట్రాక్టర్‌తో అగ్రిమెంట్‌లో ‘ఒక మీటరు అదనం’ అని మాత్రం రాసి వదిలేయకండి. ఎక్కడి నుంచి మీటరు? రోడ్డు నుంచి అంటే, రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ మీ ఎత్తు తగ్గిపోతుంది. ఇంజినీరు గారితో కదలని గుర్తు ఒకటి పెట్టించి, అక్కడి నుంచి కొలత రాయించండి. ఆయన వచ్చి కొలిచి సంతకం పెట్టేదాకా బేస్‌మెంట్ దశ డబ్బు విడుదల చేయకండి.