కల్లు మానగానే వణుకు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. రోజూ కల్లు తాగేవారు. కల్లు అమ్మే కాంపౌండ్ మూతపడ్డ మూడో రోజు నుంచి నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ కలుపుతారట. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదం?
– ఓ పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: రెండూ మెదడు వేగాన్ని తగ్గించే మందులే. అల్ప్రాజోలం అర మిల్లీగ్రాము దాదాపు 10 మిల్లీగ్రాముల డైజిపామ్‌కు సమానం. అంటే అల్ప్రాజోలమే ఎన్నో రెట్లు ఘాటైనది. అందుకే దాని కల్తీలో చిటికెడు తేడా వచ్చినా మనిషి స్పృహ తప్పుతాడు. కల్లులోని ఆల్కహాల్ తోడైతే ఊపిరి మందగిస్తుంది.

మానినప్పుడు కూడా అల్ప్రాజోలమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సుమారు 11 గంటల్లో రక్తంలో సగానికి తగ్గిపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. డైజిపామ్ రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. దాని లక్షణాలు వారానికి గానీ బయటపడకపోవచ్చు. అంతమాత్రాన అది సురక్షితమని కాదు.

మీ నాన్నగారిని ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కల్లు సంగతి డాక్టరుకు దాచవద్దు. సాధారణంగా ఒంట్లోంచి నెమ్మదిగా పోయే డైజిపామ్ వంటి మందు ఇచ్చి, వారాల తరబడి మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మందుల షాపులో మాత్రలు కొని మీరే వేయకండి, మళ్లీ కల్లు తాగించకండి. ఆ సీసాలో ఎంత మందుందో అమ్మేవాడికే తెలియదు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయండి. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది.