డ్రై గిటార్ ట్రాక్‌ని ఇంట్లో పెడల్స్‌లోంచి మళ్ళీ పంపాలంటే రీయాంప్ బాక్స్ కొనాల్సిందేనా?

అక్కర్లేదండీ, మొదటి రోజే అయితే అస్సలు అక్కర్లేదు. ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) నేరుగా, ఏ ఎఫెక్టూ లేకుండా డ్రైగా వాయించి పెట్టుకున్న గిటార్‌ని ఇంట్లో ఉన్న ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని చిరిగేలా చేసేది), డిలే (ప్రతిధ్వని ఇచ్చేది) పెడల్స్‌లోంచి తిప్పి మళ్ళీ రికార్డ్ చేసుకోవాలంటే, అంటే రీయాంప్ చేయాలంటే, సిగ్నల్‌ని పెడల్‌కి తగ్గట్టు మార్చే ఆ బాక్స్ తప్పనిసరా అని కదా మీ ప్రశ్న. నేను బాక్స్ లేకుండానే ఒక పాట మొత్తం చేశా, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తా, మీకు కావాల్సింది అందులోనే దొరుకుతుంది.

మా బావమరిది ఎంఎస్‌కి డల్లాస్ వెళ్ళే ముందు వారం మా విజయవాడ అద్దె ఇంట్లో కూర్చుని నా పాటకి రిథమ్ గిటార్ వాయించాడు. అప్పటికి రాత్రి పదకొండు దాటింది, పక్క వాటాలో చంటిపిల్ల ఉంది, యాంప్ పెట్టే ప్రశ్నే లేదు, అందుకని ఇంటర్‌ఫేస్‌లో గిటార్ ఇన్‌పుట్‌కి నేరుగా గుచ్చేసి, పీక్ మైనస్ 12 డీబీ దగ్గర ఉండేలా చూసుకుని రెండు టేకులు తీశాం. తర్వాత వాడు గిటార్ అమ్మేసి ఫ్లైట్ ఎక్కేశాడు. రెండేళ్ళకి పాట మిక్స్ చేద్దామని తెరిస్తే ఆ ట్రాక్ సన్నగా, తీగ చప్పుడు తప్ప ఒళ్ళు లేనట్టు ఉంది. మళ్ళీ వాయించమందామంటే మనిషి అక్కడ, ఆ గిటార్ ఎవరింట్లో ఉందో తెలీదు. పెడల్స్‌ని కంప్యూటర్లో అనుకరించే ప్లగిన్లు నాలుగైదు వేసి చూశా. బాగానే ఉన్నాయి, కానీ మౌస్‌తో బొమ్మ నాబ్ తిప్పుతూ పాట వినడం నాకు వంటపట్టలేదు, ఇప్పటికీ పట్టదు.

నా ఇంటర్‌ఫేస్‌కి రెండే లైన్ అవుట్‌లు. అందుకని డ్రై ట్రాక్‌ని పూర్తిగా ఎడమకి, మిగతా పాటంతా కుడికి తోసేశా. ఎడమ అవుట్ నుంచి మామూలు గిటార్ కేబుల్ పెడల్‌లోకి, అక్కణ్ణుంచి డిలే, డిలే నుంచి తిరిగి ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్‌లోకి. పెడల్ నుంచి వచ్చే సౌండ్‌ని ఇంటర్‌ఫేస్ డైరెక్ట్ మానిటర్‌లోనే (ఇన్‌పుట్‌ని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా వినిపించేది) వినాలి, అదీ హెడ్‌ఫోన్స్‌కి మాత్రమే వెళ్ళాలి, లైన్ అవుట్‌లకి కూడా వెళ్ళే ఇంటర్‌ఫేస్ అయితే అదే చుట్టు తిరుగుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఆ కొత్త ట్రాక్ మానిటరింగ్ ఆపేయాలి. నేను ఆపడం మర్చిపోయా. అది ఎడమ అవుట్‌లోంచి మళ్ళీ పెడల్‌లోకే వెళ్ళి, చుట్టు తిరిగి, హెడ్‌ఫోన్స్‌లో కూత పెట్టింది చూడండి, చెవులు అరగంట దాకా గుయ్‌మంటూనే ఉన్నాయి. అందుకే చెప్తున్నా, మొదటిసారి ప్లే నొక్కేటప్పుడు హెడ్‌ఫోన్స్ మెళ్ళో వేసుకోండి, చెవులకి వద్దు.

ఇంకో మాట, లైన్ అవుట్ ఖాళీ లేదని హెడ్‌ఫోన్ జాక్‌లో మోనో గిటార్ కేబుల్ గుచ్చకండి, కుడి ఛానెల్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది.

లెవెల్ దగ్గరే అందరూ తప్పు చేస్తారు. లైన్ అవుట్ నుంచి వచ్చేది గిటార్ ఇచ్చే సిగ్నల్ కన్నా బాగా ఎక్కువ, అలాగే పంపితే ఓవర్‌డ్రైవ్ నాబ్ సున్నా మీద ఉన్నా బొంగురుపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో డ్రై ట్రాక్ ఫేడర్ (వాల్యూమ్ పట్టీ) పూర్తిగా దించేసి మెల్లగా పెంచుకుంటూ రండి. నేను చెవితోనే పట్టుకున్నా: పల్లవిలో వాడు మెత్తగా మీటిన చోట తేటగా ఉండాలి, చరణం ఎత్తుకునేటప్పుడు గట్టిగా కొట్టిన చోట మాత్రం చిరగాలి. వాడి చెయ్యి బరువు తెలిసేది అక్కడే. ఆ చోటు దొరికాక ఫేడర్ మళ్ళీ ముట్టుకోలేదు.

తర్వాత హమ్, అంటే వెనక ఆగకుండా గుమ్మనే శబ్దం. 50 హెర్ట్జ్ హమ్ అంటే మన అద్దె ఇళ్ళ వైరింగే, సాకెట్‌లో మూడు కన్నాలుంటాయి గానీ మూడో దాని వెనక ఎర్త్ వైర్ ఉందో లేదో ఓనర్‌కే తెలీదు, అద్దె మాత్రం ఏటా పెంచుతాడు. లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపా, సగానికి సగం పోయింది. డిలే, ఓవర్‌డ్రైవ్ రెండూ ఒకే అడాప్టర్ మీద ఉన్నాయి, డిజిటల్ డిలే వల్ల సన్నగా కీచుమంటోంది, ఓవర్‌డ్రైవ్‌కి 9 వోల్టుల బ్యాటరీ వేశా, అదీ పోయింది. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి, షాక్ కొడితే గిటార్ తీగలు మీ చేతిలోనే ఉంటాయి. ఇంతా చేసి రెండో చరణం దాకా వచ్చేసరికి కరెంట్ పోయి ఇన్వర్టర్ ఆన్ అయింది, ఆ స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఎలా అరుస్తుందో అదే అరుపు ట్రాక్‌లోకి వచ్చి కూర్చుంది. కరెంట్ వచ్చేదాకా ఆగి మొదట్నుంచి తీశా.

ఆగినందుకు మంచే జరిగింది. ఆ టేక్‌లో చరణం చివర వాడు అరచేతితో తీగలు ఆపే చోట నేను డిలే ఫీడ్‌బ్యాక్ నాబ్‌ని చేత్తో పెంచుతూ పోయా, ప్రతిధ్వని ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ కూత అందుకోబోతుండగా దించేశా. రెండు సెకన్ల పని. వాయించే వాడికి రెండు చేతులూ గిటార్ మీదే ఉంటాయి కదా, అది వాడు చేయలేడు. రీయాంప్‌లో అసలు లాభం ఇదే, వాయింపు అయిపోయింది కాబట్టి నా రెండు చేతులూ నాబ్‌ల మీదే ఉన్నాయి.

సౌండ్ బయటికి వెళ్ళి తిరిగి రావడానికి కొంత ఆలస్యం అవుతుంది, అందుకని డ్రై ట్రాక్ మొదట్లో ఒక్క క్లిక్ (టక్‌మనే చిన్న చప్పుడు) పెట్టుకోండి. డిలే ఆఫ్‌లో ఉంచి ఆ క్లిక్ కూడా పెడల్స్‌లోంచి వెళ్ళి రానివ్వండి, రికార్డయ్యాక పాత క్లిక్‌కి కొత్త క్లిక్‌కి ఎంత తేడా ఉందో చూసి కొత్త ట్రాక్‌ని అంత వెనక్కి, అంటే ఎడమవైపుకి, జరపండి. నాకు 48 కిలోహెర్ట్జ్‌లో 576 శాంపిల్స్ వచ్చింది, అంటే 12 మిల్లీసెకన్లు. జరపకుండా డ్రైతో కలిపి వింటే గిటార్ డొల్లగా వినిపిస్తుంది, జనం ఆ నేరం పెడల్ మీద వేస్తారు.

మరి బాక్స్ ఎప్పుడు కావాలంటే, ఫజ్ (ఓవర్‌డ్రైవ్ కన్నా గరుకుగా చిరిగే పెడల్) వాడినప్పుడు. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ లాంటి పాత డిజైన్లు గిటార్ పికప్‌తో (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే కాయిల్) కలిసి పనిచేస్తాయి, పికప్ కాయిల్‌కున్న కిలో ఓమ్‌ల అడ్డు వాటికి కావాలి. లైన్ అవుట్ అడ్డు వందల ఓమ్‌ల లోపే, అందుకే ఫజ్ గీరుకుపోయినట్టు వస్తుంది. అమెరికన్ గిటారిస్ట్ జో సాత్రియానితో పనిచేసిన రికార్డింగ్ ఇంజనీర్ జాన్ క్యూనిబెర్టి 1990ల్లో రీయాంప్ పేరుతో బాక్స్ తెచ్చింది ఈ లెవెల్, ఇంపెడెన్స్ (పైన చెప్పిన ఓమ్‌ల అడ్డు) గొడవలు తీర్చడానికే, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి గ్రౌండ్ హమ్‌ని కూడా తెంపుతుంది. మీ దగ్గర పాసివ్ డీఐ (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే, కరెంట్ అక్కర్లేని చిన్న డబ్బా) ఉంటే దాన్నే తిరగేసి వాడి చూడండి, కాకపోతే అది వోల్టేజ్ పెంచుతుంది, ఫేడర్ ఇంకా దించాలి. ఓవర్‌డ్రైవ్, డిలే, కోరస్‌లకి ఇవేవీ వద్దు, ఆ డబ్బుతో ఇంకో పెడల్ వస్తుంది.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. మిక్స్ చేయమని పంపేవాళ్ళు రివర్బ్ (గది మోత) విడదీయలేకుండా కలిపేసిన ట్రాక్ ఒక్కటే పంపుతారు, డ్రై ఏదంటే డిలీట్ చేశామంటారు. ఎందుకండీ, మోనో ఫైల్ అది, నాలుగు నిమిషాల పాటకి 24 బిట్‌లో 35 ఎంబీ కూడా ఉండదు, ఒక్క పెళ్ళి వీడియో క్లిప్పంత లేదు. ఆ రెండు టేకులు ఉండబట్టే కదా అమ్మేసిన గిటార్ మళ్ళీ మోగింది. మిక్స్ పంపితే మా వాడు ఫోన్ చేసి "బావా, ఎవరితో వాయించావు?" అన్నాడు. చరణం చివర అరచెయ్యి పడే టక్ మళ్ళీ వినమన్నా. విని కాసేపు ఏం మాట్లాడలేదు.

ఈ వారం ఒక ఫ్రెండ్ దగ్గర పాత కోరస్ పెడల్ అడిగి తెచ్చా, ఆదివారం పొద్దున్నే, మిక్సీలు మొదలవ్వకముందు, అదే ట్రాక్ దాంట్లోంచి పంపి చూడాలి.