తట్టు సోకిన చోటికి వెళ్లే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

టీకాలు సరిగా అందని చోట తట్టు లేచిందని, దర్యాప్తు నీకు అప్పగించారని తెలిసింది. మార్గదర్శకాలు ఎలాగూ చదువుతావు. పనిలో దిగాక చేజారే సంగతులే రాస్తున్నాను.

నీకు కబురొచ్చిన బిడ్డే మొదటి రోగి అనుకోకు. ముందు దద్దుర్లు తేలిన తేదీ పట్టుకో. జ్వరం వచ్చిన తేదీ, ఆసుపత్రికి తెచ్చిన తేదీ వేరు. దద్దుర్లకు ముందు 7 నుంచి 21 రోజుల మధ్య బిడ్డ ఎక్కడెక్కడ తిరిగిందో అడుగు, అంటుకున్నది అప్పుడే. దద్దుర్లకు 4 రోజులు ముందు నుంచి 4 రోజులు తర్వాత వరకు ఎవరెవరితో ఉందో అడుగు, ఇతరులకు అంటించేది అప్పుడు. ‘పోయిన వారం’ అంటుంది తల్లి, అక్కడ ఆగకు. దద్దుర్లు మొదట చెవుల వెనక, ముఖం మీద తేలి కిందికి దిగుతాయి. ‘ముఖాన ఎప్పుడు చూశావమ్మా? బడి సెలవుకు ముందా, తర్వాతా?’ అంటే తేదీ బయటపడుతుంది.

ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదిని చాలామంది మరిచిపోతారు. బిడ్డ వెళ్లిపోయాక కూడా 2 గంటల దాకా వైరస్ ఆ గాలిలో ఉండొచ్చు. ఆ వ్యవధిలో అక్కడికి వచ్చినవాళ్ల పేర్లు రిజిస్టర్‌లోంచి తీసి రాసుకో.

జ్వరంతో పాటు నీరు పట్టని ఎర్ర దద్దుర్లు ఉన్న ప్రతివాళ్లనీ లైన్ లిస్ట్‌లోకి, అంటే ఒక్కో రోగికి ఒక్కో వరుస ఉండే జాబితాలోకి ఎక్కించు, పెద్దవాళ్లయినా సరే. దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం వేరే గడుల్లో రాయి. దద్దుర్లు తేలిన మొదటి 3 రోజుల్లో తీసిన రక్తంలో ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు ఒంట్లో పుట్టే యాంటీబాడీ) నెగటివ్ వచ్చినా పేరు కొట్టేయకు, మళ్లీ తీయించు. వైరస్‌ను వెతకడానికి గొంతులోంచి దూదిపుల్లతో తీసే స్వాబ్ మాత్రం ఎంత త్వరగా తీస్తే అంత మంచిది.

‘టీకా వేయించిన పిల్లలకే వచ్చింది’ అనే మాట తప్పకుండా వింటావు. కోప్పడకుండా లెక్క చెప్పు. 100 మందిలో 90 మందికి టీకా పడింది, అది పదిమందిలో తొమ్మిదిమందిని కాపాడింది అనుకుందాం. టీకా పడని 10 మందికీ వ్యాధి వస్తే, పడిన 90 మందిలో 9 మందికి వస్తుంది. రోగుల్లో దాదాపు సగం టీకా వాళ్లే కనిపిస్తారు. కానీ అటు పదికి పది, ఇటు పదికి ఒకటి.

ల్యాబ్ ఫలితం కోసం టీకాలు ఆపకు. రోగిని కలిసిన 72 గంటల్లోపు వేస్తేనే ఆ సోకుడును అడ్డుకునే అవకాశం ఉంటుంది. గర్భిణులకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకూ ఈ టీకా వేయకూడదు. టీకా పొడిని దానితో వచ్చిన డైల్యూయెంట్‌తోనే (పొడిని కరిగించే ద్రవం), అదీ ముందే చల్లబరిచి కలపాలి. కలిపాక 6 గంటలు దాటితే సీసా పారేయించు, మిగిలిన డోసుల మీద జాలి పడొద్దు. అందులో నిల్వ మందు ఉండదు, క్రిములు పెరిగితే పిల్లల ప్రాణం మీదికొస్తుంది.

జబ్బుపడ్డ పిల్లలకు విటమిన్ ఎ వరుసగా 2 రోజులు, రోజుకో మోతాదు: 6 నెలల లోపు 50,000 యూనిట్లు, 6 నుంచి 11 నెలలకు 1,00,000, ఏడాది నిండితే 2,00,000.

ఇక అసలు చిక్కు. రెండు డోసులూ 95 శాతం మందికి అందితేనే తట్టు ఆగుతుంది, అదీ ప్రతి వీధిలోనూ. మొత్తం సగటు బాగున్నా ఒక్క మూలలో సగం మందికే పడితే రోగం ఆ మూలనే రాజుకుంటుంది. జాబితాలో ‘నిరాకరించారు’ అని ఉంటే నమ్మకు, ఇంటికెళ్లి కూర్చుని మాట్లాడు. తల్లి పనికెళ్లే వేళకే టీకాలు వేస్తుండొచ్చు. కుటుంబం కొత్తగా వచ్చి పేరే ఎక్కకపోయి ఉండొచ్చు. నిజంగా భయపడేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఉపన్యాసం కన్నా వాళ్లు నమ్మే పెద్దమనిషి మాట ఎక్కువ పనిచేస్తుంది.

చివరి రోగికి దద్దుర్లు తేలాక 42 రోజులు కొత్త కేసు లేకపోతేనే ముగిసిందని రాయి. 6 నుంచి 8 నెలల పసివాళ్లకు అత్యవసరంగా వేసిన డోసు లెక్కలోకి రాదు. వాళ్ల పేర్లు వేరే పుస్తకంలో రాసి, మామూలు రెండు డోసుల తేదీలూ వేసి, అక్కడి ఆరోగ్య కార్యకర్త చేతికిచ్చి రా. ఇక ఉంటాను.