మెదక్ చర్చి రంగుటద్దాల బొమ్మలు రాత్రిపూట ఎందుకు కనిపించవు?

బయటి పగటి వెలుగు అద్దంలోంచి లోపలికి వస్తేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. చీకటి పడ్డాక లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. రంగు చాలావరకు అద్దంలోనే ఉంటుంది: గాజు కరిగించేటప్పుడే లోహపు ఆక్సైడ్లు కలుపుతారు, నీలానికైతే కోబాల్ట్. ఆ ముక్కలను సీసపు పట్టీలతో కలుపుతారు. ముఖాల గీతలు మాత్రం పైన వేసి కాల్చినవి.

ఉదాహరణకు, తూర్పు కిటికీలోని సిలువ దృశ్యం పొద్దున బాగుంటుంది, పడమటి క్రీస్తు జననం సాయంత్రం. వరంగల్ నుంచి వెళ్లేవాళ్లు పొద్దుగూకకముందే చేరాలి.

చాలామంది దీన్ని మామూలు పెయింటింగ్ అనుకొని చీకట్లో ఫ్లాష్ కొడతారు. ఆ వెలుగు కొంత బయటికి పోతుంది, కొంత తళుక్కున వెనక్కొస్తుంది. ఫొటోలో బొమ్మ నల్లగానే పడుతుంది. రాత్రి లోపలి లైట్లకు బొమ్మ కనిపించేది బయట నిలబడ్డవాళ్లకే, అదీ కుడి ఎడమలు తారుమారై.