పాత బండికి ఇ20 పెట్రోలు, మొక్కల అడిటివ్ సీసా: నా అనుభవం

మీ 2013 మోడల్ బండిలో ఇ20 పెట్రోలు పోస్తే ఇంజను పాడవుతుందా, ‘మొక్కల నుంచి తీసిన’ అడిటివ్ (పెట్రోల్లో కలిపే మందు) సీసా కలిపితే కాపాడుతుందా అని కదా మీ ప్రశ్న. నాది మీదానికంటే పాతది. 2011 మోడల్, 150 సీసీ, కార్బొరేటర్ (పెట్రోల్లో గాలి కలిపి ఇంజనుకి పంపే భాగం) ఉన్న బండి. కేఆర్ పురం నుంచి వైట్‌ఫీల్డ్‌కి రోజూ దాని మీదే వెళ్లొస్తాను. ఆ సీసా కూడా కొన్నాను.

అసలు ఇ20లోనే ఐదో వంతు మొక్కల సరుకు. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసిన ఇథనాల్ అది. దానితో వచ్చే తిప్పలకి మళ్లీ మొక్కల మందే అమ్ముతున్నారు, అదీ తమాషా. 2023 ఫిబ్రవరి 6న దీన్ని బంకుల్లోకి వదిలింది కూడా మన బెంగళూరులోనే, ఇండియా ఎనర్జీ వీక్‌లో. అప్పుడు కొన్ని బంకుల్లోనే దొరికేది. ఇప్పుడు మామూలు పెట్రోలు పోయమంటే పోసేది ఇదే.

పోయిన దసరాకి కదిరి వెళ్లాను. అమ్మకి ఒంట్లో బాగోక నెలన్నర అక్కడే ఉండిపోయాను. బండి ఇక్కడ ఇంటి ముందు కవరు కింద ఉంది, ట్యాంకులో పావు వంతు పెట్రోలు. ఆ నెలన్నరా ఇక్కడ వానలే. వచ్చాక కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టింది కానీ బండి స్టార్ట్ కాలేదు. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కార్బొరేటర్ కింద స్క్రూ వదులు చేసి, లోపలున్నదంతా ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలోకి పట్టాడు. కాసేపు కదపకుండా పెట్టి, “అన్నా, ఇది చూడు. కింద ఉండేది పెట్రోలు కాదు” అన్నాడు. నిజమే, అడుగున వేలెడు మందాన ఇంకో పొర. ట్యాంకు మూత రబ్బరు ఎండి పగిలిపోయింది, అందులోంచి వాన నీళ్లు దిగాయి. ఇథనాల్‌కి నీళ్లంటే మహా ప్రీతి. కొద్దిగా అయితే కలుపుకుంటుంది. హద్దు దాటితే పెట్రోలును వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. ట్యాంకు నుంచి పైపులోకి వచ్చేది ఆ అడుగుదే కాబట్టి ఇంజను ఎలా అందుకుంటుంది?

తర్వాత పెట్రోలు పైపు లాగి చూపించాడు. ఉబ్బి మెత్తబడిపోయింది, నొక్కితే వేళ్లకి నల్లగా అంటుకుంది. పైపు, మూత రబ్బరు, కార్బొరేటర్ కిట్టు, కూలీ అన్నీ కలిపి 1,400 రూపాయలు. ఇంజనుకి మాత్రం ఏమీ కాలేదు. అంటే నా బండిలో దెబ్బ తిన్నది రబ్బరు, ఇబ్బంది పెట్టింది నీళ్లు. ఆ రెండింటికీ అడిటివ్ సీసాలో మందు లేదు.

మైలేజ్ పెంచుతుందని కూడా సీసా మీద రాసుంటుంది. అది తేల్చుకుందామని ఐదు ట్యాంకులు సీసా కలిపి, ఐదు ట్యాంకులు కలపకుండా, ఫుల్ నుంచి ఫుల్‌కి లెక్క రాశాను. ఇ20 రాకముందు లీటరుకి 47 కిలోమీటర్లు వచ్చేవి. ఇప్పుడు 45.5. సీసా కలిపితే 45.7. ఆ 0.2 సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఒక్కసారి ఇరుక్కుంటే పోయేదే. నీతి ఆయోగ్ 2021 నివేదికలో పాత తరహా టూవీలర్లకి 3-4 శాతం తగ్గుతుందని ఉంది, నా లెక్కా అక్కడే తేలింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో దానికి దాదాపు మూడింట రెండు వంతులే. ఆ లోటు నాలుగు చుక్కల నూనె ఎక్కడ పూడుస్తుంది?

అలాగని మొక్కల నూనె అంటే నాకేం చిన్నచూపు లేదు. నా చిన్నప్పుడు మా మామ ఊళ్లో ఆయిల్ ఇంజన్లో కానుగ నూనె పోశాడు. డీజిల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక నూనెకి మార్చేవాడు. పొలమంతా ఆముదం దీపం ఆరిపోయినప్పటి వాసన. ఇంజన్ బ్రహ్మాండంగా తిరిగింది, పదిహేను రోజులు. తర్వాత ఇంజన్లోకి నూనె చిమ్మే నాజిల్ విప్పితే మొన మీద బొగ్గు గడ్డకట్టింది. పచ్చి నూనె డీజిల్‌కంటే దాదాపు పది రెట్లు చిక్కన, సన్నగా తుంపర కాదు, సరిగా కాలదు. దాన్ని మెథనాల్, కాస్టిక్‌తో కలిపి గ్లిజరిన్ విడదీస్తే పల్చబడి బయోడీజిల్ అవుతుంది. కానుగనే ఇక్కడ కన్నడంలో హొంగె అంటారు. బెంగళూరులోని సైన్స్ సంస్థ ఐఐఎస్సీలో ప్రొఫెసర్ ఉడుపి శ్రీనివాస ఈ నూనెతో కర్ణాటక పల్లెల్లో డీజిల్ జనరేటర్లు నడిపించారు. 1900 పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో తిరిగింది. కానీ ఇదంతా డీజిల్ ఇంజన్ల సంగతి. పెట్రోలు బండిలో నూనె పోయడం వేరే కథ, ఆ పని చేయకండి.

మీరైతే ముందు పెట్రోలు పైపు, ట్యాంకు మూత రబ్బరు మార్పించండి. ఇ20కి తట్టుకునేది కావాలని అడిగి తీసుకోండి. వారం పైన ఊరెళ్తుంటే ట్యాంకు నింపి, కార్బొరేటర్ ఖాళీ చేసి వెళ్లండి. సగం ఖాళీ ట్యాంకులో గాలి చెమ్మ చేరుతుంది. ఇంజను ఎక్కువ వేడెక్కుతున్నా, యాక్సిలరేటర్ ఇస్తే తడబడుతున్నా మెకానిక్‌తో కార్బొరేటర్ ట్యూనింగ్ చేయించండి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటంతో మిశ్రమం పల్చబడుతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం తక్కువైనట్టు అవుతుంది, ఆ తేడా కార్బొరేటర్ తనంతట తాను సర్దుకోలేదు.

అడిటివ్ సీసా ఇంకో సగం మా షూ ర్యాక్ మీదే ఉంది. ఎలాగైనా ప్రయత్నించి చూడాలనుకుంటే కేఆర్ పురం వైపు వచ్చినప్పుడు ఉత్తినే తీసుకెళ్లండి.