134 నిజమా, 119 నిజమా: స్పీడ్ గన్ అంకెను చూసి కాలేజీ మాన్పించవచ్చా?

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాము. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. కుడిచేతి వాటం ఫాస్ట్ బౌలర్. వేసవి శిబిరంలో స్పీడ్ గన్‌తో కొలిచి గంటకు 134 కిలోమీటర్లు వచ్చిందన్నారు. నెల తర్వాత మధురవాడ వైపు మరో మైదానంలో ఇంకో కోచ్ కొలిస్తే 119 దాటలేదు. ఆయన ఎండకు ఓర్చుకోలేక నెట్ పక్కనున్న వేపచెట్టు కింద నిలబడి కొలిచారు. వేరే ఊరి రెసిడెన్షియల్ అకాడమీ ఒకటి ఆ 134 విని సీటు ఇస్తామంటోంది. చేరితే కాలేజీ మానాలి, ఏడాదికి మూడు లక్షలు కట్టాలి, నెలాఖరులోగా చెప్పాలి. ఏ అంకెను నమ్మమంటారు? – ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: అయ్యా, మీ ప్రశ్నలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ వేపచెట్టే. రెండు అంకెల మధ్యనున్న పదిహేను కిలోమీటర్ల తేడాలో చాలా భాగం ఆ నీడలోనే పోయి ఉండవచ్చు.

స్పీడ్ గన్, అంటే రాడార్ గన్, బంతి అసలు వేగాన్ని కొలవదు. బంతి తన వైపు ఎంత వేగంగా దగ్గరవుతోందో, లేదా తన నుంచి ఎంత వేగంగా దూరమవుతోందో మాత్రమే కొలుస్తుంది. మీ అబ్బాయి భౌతికశాస్త్రం చదువుతున్నాడు కాబట్టి డాప్లర్ ప్రభావం, అంటే కదిలే వస్తువును తాకి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం మారడం, అతడికి తెలిసే ఉంటుంది. చేతిలో పట్టుకునే గన్‌లలో చాలావాటి నుంచి వెలువడే తరంగం పౌనఃపున్యం 24.125 గిగాహెర్ట్జ్. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా వచ్చే బంతిని తాకి తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యం సుమారు 5,800 హెర్ట్జ్ పెరుగుతుంది. ఆ తేడాను లెక్కగట్టి యంత్రం మనకు అంకె చూపిస్తుంది. బంతి దారికి, గన్ చూపుకు మధ్య కోణం ఏర్పడితే అసలు వేగాన్ని ఆ కోణపు కొసైన్‌తో గుణించగా వచ్చినదే తెరపై కనబడుతుంది. పది డిగ్రీల కోణంలో 130 కాస్తా 128 అవుతుంది, ఇరవై డిగ్రీలకు 122, ముప్పైకి 113కు దిగిపోతుంది.

ఇప్పుడు ఆ చెట్టు దగ్గరకు వద్దాం. పిచ్ సగం ఉన్నచోట, బంతి దారికి అయిదు మీటర్లు పక్కగా కోచ్ నిలబడ్డారనుకోండి. చేయి బంతిని విడిచే చోటు ఆయనకు దాదాపు పది మీటర్లు ముందుంటుంది, అంటే కోణం సుమారు 27 డిగ్రీలు. 134తో వచ్చిన బంతి అక్కడి నుంచి 120 దగ్గర కనబడుతుంది. బంతి ముందుకు వచ్చేకొద్దీ కోణం ఇంకా పెరుగుతుంది కనుక అంకె తగ్గడమే తప్ప పెరగదు. అలాగని 119ని ఈ లెక్కతో సరిదిద్ది 133 అని రాసుకోకండి. ఆయన సరిగ్గా ఎక్కడ నిలబడ్డారో కొలిచినవారు లేరు. 119 వచ్చింది కాబట్టి కుర్రవాడిలో వేగం లేదని తేల్చడానికి వీల్లేదన్నంత వరకే ఈ లెక్క పనికొస్తుంది.

మరి 134ను నమ్మవచ్చా? కోణం వల్ల అంకె ఎన్నడూ పెరగదు కాబట్టి మొదటి అంకెకే కాస్త బలం ఉంది, కానీ దానినీ కొన్ని ప్రశ్నలు అడగాలి. ఎన్ని బంతులు వేస్తే వచ్చిన 134 అది? నలభై బంతుల్లో ఒక్కసారి వచ్చినదైతే అది ఆ రోజు అతడి అత్యుత్తమ బంతి వేగమే గానీ అతడి వేగం కాదు. గన్‌ను మైళ్లలో పెట్టి తర్వాత కిలోమీటర్లలోకి మార్చారా? 83 మైళ్లంటే 133.6 కిలోమీటర్లు, ఒక్క మైలు అటూ ఇటూ అయితే కిలోమీటరున్నరకు పైగా మారిపోతుంది. వాడినది 156 నుంచి 163 గ్రాముల అసలు క్రికెట్ బంతేనా, లేక శిబిరాల్లో పిల్లలకిచ్చే తేలికపాటి బంతా? పైగా తక్కువ ధర గన్‌లలో రెండు కిలోమీటర్ల మేర అటూ ఇటూ తేడా రావడం మామూలు కాబట్టి 132కూ 134కూ మధ్య తేడా ఉన్నట్టు మాట్లాడటంలో అర్థం లేదు.

అందుచేత మళ్లీ కొలిపించండి. గన్ పట్టుకున్నవారు బ్యాటింగ్ వైపు స్టంప్స్‌కు మూడు నాలుగు మీటర్ల వెనుక, నెట్‌కు అవతల, బౌలర్ చేతికి సూటిగా నిలబడాలి. అక్కడి నుంచి బంతి విడిచే చోటు ఇరవై రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. ఒక మీటరు పక్కకు జరిగినా కోణం మూడు డిగ్రీలు దాటదు, నష్టం అర కిలోమీటరు కూడా ఉండదు. ఇంకా వెనక్కు, బౌండరీ దాకా వెళ్లడం పొరపాటు. చిన్న గన్‌లు క్రికెట్ బంతి అంతటి వస్తువును పాతిక మీటర్లు దాటితే సరిగా పట్టలేవు. అప్పుడు బంతి సగం దారి వచ్చి, గాలి నిరోధానికి వేగం కొంత పోగొట్టుకున్నాక గాని అది గన్‌కు దొరకదు. టీవీలో చూపే వేగం చేయి విడిచిన క్షణానిది. 2003 ప్రపంచ కప్‌లో కేప్‌టౌన్‌లో పాకిస్థాన్ ఫాస్ట్ బౌలర్ షోయబ్ అక్తర్ పేరిట నమోదైన 161.3 కిలోమీటర్ల వేగం కూడా అటువంటిదే. పిచ్ మీద పడి లేచిన బంతి వేగాన్ని తెచ్చి దానితో పోల్చకూడదు. బంతి చేయి విడవక ముందే గన్ మీట నొక్కి ఉంచాలి, గరిష్ఠ వేగాన్ని నిలిపి చూపే అమరిక ఉంటే దానినే ఎంచుకోవాలి.

కొలిచేటప్పుడు క్రీజులో బ్యాటర్ ఉండకూడదు, ఎందుకంటే ఊపిన బ్యాట్ వేగాన్ని కూడా కొన్ని గన్‌లు బంతి వేగంగా చూపిస్తాయి. ఇనుప జాలీ వెనుక నుంచి కొలవకూడదు. నైలాన్ నెట్ అయితే పెద్ద ఇబ్బంది లేదు. ఇండోర్ నెట్స్‌లో నేనొకసారి ఒక సెలక్షన్ చూడటానికి వెళ్తే, ఎవరూ బంతి వేయకపోయినా గన్ మాటిమాటికీ ముప్పై పైచిలుకు అంకె చూపిస్తోంది. చివరికి చూస్తే మూలనున్న స్టాండ్ ఫ్యాను! రెక్కలు తిరిగే ప్రతి వస్తువూ దానికి ఒక బౌలరే. మన ఊరి ఉప్పు గాలికి బ్యాటరీ కొసలు తుప్పు పడుతుంటాయి కాబట్టి వాటిని తుడిచి, కొత్త బ్యాటరీలు వేయడం మంచిది.

ఫోన్ యాప్‌తో సరిపెట్టుకుందామని మీ అబ్బాయి అంటాడేమో. మామూలు వీడియోలో సెకనుకు ముప్పై ఫ్రేములుంటాయి. రెండు క్రీజుల మధ్యనున్న 17.68 మీటర్లను 130తో వెళ్లే బంతి అర సెకనులో, అంటే పదిహేను ఫ్రేముల్లోపే దాటేస్తుంది. లెక్కలో ఒక్క ఫ్రేము తప్పితే తొమ్మిది కిలోమీటర్లు తేడా వస్తుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే ఆ తేడా కిలోమీటరు చిల్లరకు తగ్గుతుంది గాని, అప్పటికీ మీకు దక్కేది దారి మొత్తపు సగటు వేగమే, చేయి విడిచిన వేగం కాదు.

రెండు వేర్వేరు రోజుల్లో, ఒళ్లు బాగా వేడెక్కాక, పూర్తి రన్నప్‌తో ఆరేసి ఓవర్లు వేయించండి. రోజుకు ముప్పై ఆరు బంతుల అంకెలూ వరుసగా కాగితంపై రాయండి, గన్‌కు దొరకని బంతి దగ్గర గీత పెట్టండి, దాని బదులు ఇంకొకటి వేయించవద్దు. మొదటి ఓవర్ సగటు 131 ఉండి ఆరో ఓవర్‌లో 121కి పడిపోయే కుర్రవాడి కన్నా, 127తో మొదలుపెట్టి 125 దగ్గర నిలిచేవాడిపైనే నాకు ఆశ ఎక్కువ. అండర్-19 స్థాయిలో రాష్ట్ర జట్లు ఆడే కూచ్ బెహార్ ట్రోఫీ ఒక పూటతో ముగిసే పోటీ కాదు; మొదటి రోజు వేసినవాడే మర్నాడూ వేయవలసి ఉంటుంది. ఒక హెచ్చరిక: గన్ ఎదురుగా ఉంటే కుర్రవాళ్లు ఒంటిని మరిచి బంతి విసురుతారు. ఈ వయసు ఫాస్ట్ బౌలర్లలో నడుము ఎముకకు సన్నని చీలికలు రావడం అరుదైన విషయమేమీ కాదు కాబట్టి, నెలకు రెండుసార్లకు మించి కొలవవద్దు.

ఇక అకాడమీ సంగతి. బౌలింగ్‌ను కళ్లారా చూడకుండా, వేరెవరో పట్టుకున్న గన్ చూపిన ఒక్క అంకెతో సీటు ఇస్తామనడం నాకు నచ్చలేదు. పిల్లవాడిని జిల్లా జట్టుకు, ఆపైన ఆంధ్రా జట్టుకు తీసుకువెళ్లేవి మ్యాచుల్లో తీసిన వికెట్లూ, సెలక్టర్ల కంటబడిన ఓవర్లూ. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 నవంబరులో పెర్త్‌లో భారత టెస్టు జట్టు టోపీ అందుకున్నది గన్‌ను అదరగొట్టి కాదు, బ్యాటింగ్‌తో పాటు మీడియం పేస్ కూడా చేతిలో ఉన్నందువల్ల. పబ్లిక్ పరీక్షలు ముందున్న ఏడాదిలో కాలేజీ మాన్పించడానికి నేను ఒప్పుకోను. ఇంటర్ పూర్తి చేసి, ఈ లోపు జిల్లా సెలక్షన్స్‌కు పంపండి. ఒకవేళ బౌలర్‌గా కుదరకపోయినా, ఎంపీసీ పునాది ఉన్నవాడికి జట్ల దగ్గర ఆట అంకెలనూ వీడియోలనూ విశ్లేషించే పెర్ఫార్మెన్స్ అనలిస్ట్ దారి, గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ వంటి చోట్ల క్రీడా కోర్సుల దారి తెరిచే ఉంటాయి.

నెలాఖరులోగా అకాడమీవారికి మీరు చెప్పవలసిన జవాబు ఇది: పరీక్షలయ్యాక వాళ్ల గన్‌తో, స్టంప్స్ వెనుక నుంచి, మీ ముందే ముప్పై ఆరు బంతులు కొలవమనండి, వారానికి ఎన్ని ఓవర్లు వేయిస్తారో, ఫిజియో ఎవరో, మధ్యలో గాయమైతే ఫీజు సంగతేమిటో కాగితం మీద రాసిమ్మనండి. అందుకు సరేనంటే, మీరు రాసిపెట్టుకున్న రెండు రోజుల అంకెలూ వాళ్లిచ్చిన కాగితమూ నాకు పంపండి, అప్పుడు మూడు లక్షల గురించి మాట్లాడుకుందాం.